బిల్లులో కనిపించని సిస్టరమ్మ

జూబ్లీహిల్స్‌లో పెద్ద గేట్లున్న ఇళ్లు చాలావాటిలో ఇప్పుడు మిగిలింది ఇద్దరే. డెబ్భై దాటిన నాన్నగారు, ఆయనకి వేళకి మాత్రలు గుర్తుచేసే అమ్మగారు. పిల్లలు డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో. ఫిల్మ్‌నగర్ గుట్ట దిగి కృష్ణానగర్ వైపు వస్తే అద్దె గదుల్లో ఒకప్పటి లైట్‌మన్లు, మేకప్ వాళ్లు, జూనియర్ ఆర్టిస్టులు. వాళ్లకీ వయసు మీద పడింది. బాత్రూమ్‌లో కాలు జారి తుంటి ఎముక విరిగితే గుట్ట మీదివాళ్లకీ, కిందివాళ్లకీ ఒకటే బెంగ: బిల్లెంతవుతుందో!

కార్పొరేట్ వైద్యం ఈ గుట్టల మీదికి 1988లోనే, అపోలోతో వచ్చింది. తర్వాత నగరమంతా పరుచుకుంది. ఎక్కడైనా సరే, ‘ఇంత బిల్లేమిటండీ?’ అని అడిగితే వినబడే సమాధానాల్లో ఒకటి, ‘స్టాఫ్ జీతాలు పెరిగాయండీ’ అని. నిజమే కాబోలు అనుకుని కార్డు గీకేస్తారు. కానీ ఎవరి జీతాలు?

చిన్న లెక్క వేద్దాం. నెలకి 20,000 తీసుకునే నర్సు 26 డ్యూటీలు చేస్తుంది. డ్యూటీకి 770 రూపాయలు. వార్డులో ఆమె చేతి కింద ఆరుగురు రోగులుంటే ఒక్కొక్కరి వంతు 128 రూపాయలు. మూడు షిఫ్టులకీ కలిపి రోజుకి 385. పీఎఫ్, సెలవులు కలిపితే ఇంకొంచెం పెరుగుతుంది. ఆ జీతాన్ని రెట్టింపు చేసి 40,000 ఇచ్చినా రోగి మీద పడే అదనపు భారం రోజుకి మరో 385. వారం ఉంటే 2,700. డిశ్చార్జి బిల్లులో గ్లౌజులు, సిరంజిల వరుస చూసినవాళ్లకి ఇదెంత మొత్తమో వేరే చెప్పక్కర్లేదు.

మందుల ధరల నియంత్రణ సంస్థ ఎన్‌పీపీఏ 2018లో ఢిల్లీ పరిసరాల్లోని నాలుగు ప్రైవేటు ఆస్పత్రుల బిల్లులు పరిశీలించింది. మందులు, పరికరాలు, పరీక్షలు కలిపి బిల్లులో 46 శాతం దాకా తేలాయి. గది అద్దె 12 శాతమే. కొన్ని వస్తువుల మీద లాభం 1,700 శాతం దాటింది.

ఇక అసలు సంగతి. జీతం తక్కువైతే నర్సు నిలవదు. ఏడాది, రెండేళ్ల అనుభవం రాగానే గల్ఫ్‌కో, బ్రిటన్‌కో, జర్మనీకో. ఉన్నవాళ్ల మీద భారం పెరుగుతుంది. ఆరుగురిని చూడాల్సిన అమ్మాయి పదిమందిని చూస్తుంది. పై లెక్క ప్రకారం ఆస్పత్రికి రోగికి రోజుకి నూటయాభై మిగులుతుంది. మంచాన పడ్డ పెద్దావిడని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. తిప్పే తీరిక లేకపోతే పుండు పడుతుంది. ఆ పుండు మానడానికి వారాలు పట్టొచ్చు. డ్రెస్సింగులు, యాంటీబయాటిక్స్, అదనపు రోజుల గది అద్దె... ఇవన్నీ బిల్లులో పడతాయి. మిగిల్చింది ఒకరు, కట్టేది ఇంకొకరు.

2002లో అమెరికాలో లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియా ఆస్పత్రుల్లో శస్త్రచికిత్స రోగులని పరిశీలించింది. నర్సుకి ఒక్క రోగి అదనమైతే నెలరోజుల్లో మరణించే అవకాశం 7 శాతం ఎక్కువగా కనిపించింది.

డాక్టర్ల సంగతి వేరు. చాలా ప్రైవేటు ఆస్పత్రుల్లో పెద్ద డాక్టరుకి నికరమైన జీతం కాకుండా చూసిన రోగిని బట్టి, చేసిన ఆపరేషన్‌ని బట్టి వాటా ఉంటుంది. ముసలాయనకి తుంటితో పాటు షుగరు, బీపీ, కాస్త కిడ్నీ బాధ ఉండనే ఉంటాయి. ఒక్కో దానికీ ఒక్కో స్పెషలిస్టు రోజూ వచ్చి పలకరిస్తే ఒక్కో విజిట్‌కీ ఒక్కో ఫీజు. వాళ్లందర్నీ కూడగట్టి ‘ఇది చాలు, అది వద్దు’ అని చెప్పే ఇంటి డాక్టరు ఆ కాలంతోనే పోయాడు. పెరిగిన ‘జీతాల’లో సిస్టరమ్మ వాటా ఎంతో ఆ కౌంటరులో అడగాల్సిన ప్రశ్న.

ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకుంటే అక్కడా మెలికే. నర్సు చేసే పని అన్ని గదుల్లోనూ ఒకటే అయినా చార్జీ గదిని బట్టి మారుతుంది. 5 లక్షల పాలసీలో గది అద్దె పరిమితి ఒక శాతం, అంటే 5,000 అనుకుందాం. పది వేల గది తీసుకుంటే డాక్టరు ఫీజులు, థియేటర్ చార్జీల్లాంటివన్నీ సగానికి కోసేస్తారు. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలు, ఐసీయూలకి ఈ కోత వర్తించదు. పెద్దవాళ్లకి తప్పని డైపర్లు, అటెండెంట్ చార్జీలు, విడిగా పెట్టుకున్న నర్సు ఖర్చు మాత్రం మామూలు పాలసీల్లో చెల్లించని జాబితాలోనే ఉంటాయి. వార్డులో ఆయా దొరకదని ఇంటివాళ్లు రోజు కూలికి మనిషిని పెట్టుకుంటే అది పూర్తిగా జేబులోంచే.

నర్సుల జీతాల మీద సుప్రీంకోర్టు 2016 జనవరి 29న కేంద్రాన్ని కమిటీ వేయమంది. కమిటీ చెప్పింది సూటిగానే ఉంది. 200 పడకలు దాటిన ప్రైవేటు ఆస్పత్రి ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి. 100 నుంచి 200 అయితే పది శాతానికి మించి తగ్గించకూడదు. 50 నుంచి 100 అయితే పాతిక శాతానికి మించి తగ్గకూడదు. 50 లోపైనా సరే, 20,000కి తక్కువ కాకూడదు. అమలు రాష్ట్రాలకి వదిలేశారు. నర్సులు రోడ్డెక్కాక కేరళ 2018లో 20,000 కనీస వేతనం ప్రకటించింది.

ఫిల్మ్‌నగర్‌కి బేరం కొత్త కాదు. 2025 ఆగస్టులో సినీ కార్మికులు 30 శాతం పెంపు అడిగి షూటింగులు ఆపేశారు. పద్దెనిమిది రోజుల తర్వాత మూడేళ్లలో 22.5 శాతానికి ఒప్పందం కుదిరింది. లైట్‌బాయ్ రోజు కూలి ఎంతో పరిశ్రమలో అందరికీ తెలుసు. అతని తల్లిని రాత్రంతా కనిపెట్టుకుని ఉన్న అమ్మాయి జీతం ఎంతో ఆ తల్లికే తెలీదు.

అడ్మిషన్ సమయంలో గది అద్దె, అడ్వాన్సు అడిగి సంతకం పెట్టేస్తారు ఇంటివాళ్లు. ఇంకో రెండు ప్రశ్నలు అడగొచ్చు. రాత్రి షిఫ్టులో ఒక నర్సుకి ఎంతమంది రోగులు? మంచం మీదున్న మనిషిని పక్కకి తిప్పినట్టు టైము రాసే షీటు ఉందా? ఆ షీటు చూపించమంటే చూపించే ఆస్పత్రి ఉంటే, గది కాస్త చిన్నదైనా అక్కడే చేర్చడం మేలు.