17 డాలర్ల గిటార్

మొన్న మధ్యాహ్నం పనులన్నీ అయ్యాక 'కోల్ మైనర్స్ డాటర్' సినిమా చూశాను. 1980లో వచ్చింది. అమెరికాలో కంట్రీ పాటకు మహారాణి అనిపించుకున్న లొరెట్టా లిన్ జీవితకథ. ఆవిడగా వేసిన సిస్సీ స్పేసెక్ పాటలన్నీ తనే పాడి ఆస్కార్ కూడా తెచ్చుకుంది. సగంలో వచ్చి కూర్చున్న మావారు చివర్లో ఒక్క మాటన్నారు: "చూశావా, మొగుడు గిటార్ కొనిపెట్టబట్టే కదా అంతదయింది!"

నాకా మాట మింగుడు పడలేదండీ.

కొనిపెట్టాడు, నిజమే. 17 డాలర్లు పెట్టి. కెంటకీ కొండల్లో బుచర్ హాలో అనే బొగ్గుగని పల్లె పిల్ల, పదిహేనేళ్లకే పెళ్లయి, దేశానికి ఆ చివరున్న వాషింగ్టన్ రాష్ట్రానికి కాపురానికి వెళ్లింది. ఇరవై ఏళ్లకి నలుగురు పిల్లలు. మరి ఆయన గిటార్ ఎందుకు కొన్నాడు? ఇంటిపని చేసుకుంటూ ఆమె పాడుతుంటే విన్నాడు కనక! పాట ముందొచ్చింది, గిటార్ తర్వాతొచ్చింది.

ఆ పాట పుట్టింట్లోనే పట్టుబడింది. ఎనిమిది మంది సంతానంలో రెండోది కావడంతో చంకలో ఎప్పుడూ ఓ తమ్ముడో చెల్లెలో. వాళ్లని ఊపుతూ పాడేది. తల్లి పాడే పాత కథాగేయాలు, శనివారం రాత్రుళ్లు రేడియోలో నాష్‌విల్ నుంచి వచ్చే 'గ్రాండ్ ఓల్ ఆప్రీ', అంతే ఆమె సంగీత పాఠశాల.

1960లో మొదటి రికార్డు వచ్చాక మొగుడూ పెళ్లాం కారేసుకుని ఊరూరా రేడియో స్టేషన్ల చుట్టూ తిరిగారు. ఆ కష్టంలో ఆయన వాటా ఆయనకివ్వాల్సిందే. కానీ తాగొచ్చే మొగుడి మీద, మొగుడి మీద కన్నేసిన ఆడదాని మీద పాటలు కట్టింది మాత్రం ఆమే. సరుకంతా ఆయనే ఇచ్చాడనుకోండి! 1972లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వారి 'ఎంటర్‌టైనర్ ఆఫ్ ది ఇయర్' అందుకున్న మొదటి ఆడమనిషి ఆమె. 1975లో గర్భనిరోధక మాత్ర మీద పాడితే చాలా స్టేషన్లు వేయమన్నాయి. అయినా జనం కొనుక్కుని విన్నారు.

ఊరికే రాలేదు ఇదంతా. ఊళ్లు తిరుగుతూ పిల్లల ముద్దుముచ్చట్లు పోగొట్టుకున్నానని ఆమే బాధపడింది.

నా కోపమల్లా ఇంట్లో పాడే పాటని పాటగా లెక్కేయకపోవడం మీద. నేనేం తక్కువ తిన్నానా? బీఏ తెలుగులో జానపద గేయాల మీద పేజీలకు పేజీలు రాశాను, లాలిపాటలు, తిరగలి పాటలు, దంపుళ్ల పాటలు అంటూ. అదే సెలవుల్లో మా అమ్మమ్మ తిరగలి దగ్గర కూర్చుని పాడుతుంటే, "కాస్త ఆపు, చదువుకోవాలి" అన్నాను. ఆవిడ ఆపేసింది. ఇప్పుడావిడ లేదు.

అమ్మకి రెండో మూడో పాటలు గుర్తున్నాయట. మధ్యలో చరణాలు పోయాయంటోంది. ఈ ఆదివారం వెళ్తున్నాను, ఫోన్‌లో రికార్డు చేసుకోవడానికి.