సాయంకాలపు చదువు
కొండాపూరులో పగలెల్ల ఉద్యోగము చేసి, సాయంకాలము కార్మికశాస్త్రమున స్నాతకోత్తర విద్య నభ్యసింపబూను యువజనులు, పాఠ్యపుస్తకము తెఱచుటకు ముందు తమ నియామకపత్రమును తెఱచి, అందలి పనివేళలను, నోటీసు గడువును, గ్రాట్యుటీని చట్టముతో సరిపోల్చి చదువవలెను. కాంట్రాక్టరు వేతన మెగవేసినచో దానిని చెల్లించు బాధ్యత ప్రధాన యజమానిదేయని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టము శాసించినది. ఆ నియమము అమలగుచున్నదో లేదో, జీతము ఏ తేదీన చేతికందినదో, గేటువద్ద నిలిచిన సెక్యూరిటీ గార్డు నడిగిన తెలియును. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టమును, 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడును ప్రక్కప్రక్కన నుంచుకొని, ఏది మారెనో, ఎవరికి మేలయ్యెనో వ్రాసికొనుడు; సిద్ధాంతవ్యాసమునకు వేఱు విషయము వెదకనక్కఱలేదు. బ్యాంకు ఉద్యోగుల వివాదమున వెలువడిన తీర్పును ప్రభుత్వము సవరించినదని 1954లో కేంద్ర కార్మికమంత్రి పదవిని విడిచిన వి.వి. గిరి మన తెలుగువాడే. పట్టా పదోన్నతికి సోపానమగుట తప్పు గాదు గాని, ఆ రాజీనామాను గూడ పాఠములలో చేర్చుకొనుడు.