భద్రాచలానికి ఉచితం, నాయుడుపేటకు ఇరవై

ఖమ్మం కమాన్ బజార్‌లో బట్టల కొట్లో పనిచేసే ఆడమనిషి ఆధార్ కార్డు చూపిస్తే, వంద కిలోమీటర్లు దాటి ఉన్న భద్రాచలానికి పైసా ఇవ్వకుండా బస్సులో వెళ్లి రావచ్చు. 2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకం ఇచ్చిన వెసులుబాటు అది. అదే మనిషి రాత్రి కొట్టు కట్టేశాక మున్నేరు అవతల నాయుడుపేటలో ఉన్న ఇంటికి చేరాలంటే షేర్ ఆటోకు 20 రూపాయలు పెట్టాలి. పొద్దున రావడానికి మరో 20. నెలకు 26 రోజుల పని అనుకుంటే 1,040 రూపాయలు. తొమ్మిది పది వేల జీతంలో పదో వంతు దారిఖర్చుకే పోతోంది. పొద్దుపోయి షేర్ ఆటో దొరక్కపోతే ఆటో మొత్తం మాట్లాడుకోవాలి. అప్పుడు వంద అడిగినా కాదనలేం.

ఉచిత ప్రయాణాన్ని నేను తప్పుపట్టను. ఆడవాళ్ల చేతిలో నాలుగు రాళ్లు మిగిల్చిన పథకం అది. కానీ ఏడాదికోసారి చేసే ప్రయాణానికి బస్సు ఉండి, రోజూ రెండుసార్లు తిరిగే దారికి లేకపోతే ఆ మేలు సగంలోనే ఆగిపోయినట్టు. ఊళ్ల మధ్య తిరిగే పల్లెవెలుగు బస్సులు పట్నం రోడ్ల మీదుగానే పోతాయి, నిజమే. అవి పల్లె జనం వేళలకు నడుస్తాయి, అక్కడి జనంతోనే నిండి వస్తాయి. పట్నం కోసం పట్నంలో తిరిగే బస్సు వేరు.

ఖమ్మం 2012లో కార్పొరేషన్ అయింది. చుట్టుపక్కల పల్లెలు అందులో కలిశాయి. పాత బస్టాండు ఇరుకైపోయిందని 2021లో ఎన్నెస్పీ క్యాంపు దగ్గర కొత్తది కట్టారు. 2023 జనవరిలో కలెక్టరేట్ ఊరి నడుమ నుంచి వైరా రోడ్డులోని వి.వెంకటాయపాలానికి తరలిపోయింది. ఒక్కొక్కటీ చూస్తే ప్రతి నిర్ణయానికీ కారణం కనబడుతుంది. అయితే సోమవారం ప్రజావాణికి అర్జీ పట్టుకుని నేలకొండపల్లి వైపు నుంచి బయల్దేరిన ముసలాయన వైపు నుంచి చూడండి. ఒక బస్సు దిగాలి, ఇంకో బస్సు కోసమో ఆటో కోసమో నిలబడాలి, అర్జీ ఇచ్చి మళ్లీ అదే వరసలో వెనక్కి రావాలి. ఒక్క కాగితానికి రోజంతా పోతుంది. ఆఫీసు కదిలిన ప్రతి చోటికీ ముందు భూముల ధరలు చేరాయి, వెనకే వెంచర్లు చేరాయి. టౌన్ బస్సు మాత్రం చేరలేదు.

ఊళ్లో బస్సు నడపడం ఎవరి పని అని అడిగితే జవాబు దొరకదు. ఎందుకు దొరకదో చెబుతాను. 74వ రాజ్యాంగ సవరణ మునిసిపాలిటీలకు అప్పగించదగ్గ పనులు పద్దెనిమిదింటిని పన్నెండో షెడ్యూలులో రాసింది. వీధి దీపాలు, పార్కింగ్ స్థలాలు, బస్టాపులు అందులో ఉన్నాయి. బస్సు లేదు! షెల్టరు కట్టించే బాధ్యత కార్పొరేషన్‌ది, ఆ షెల్టరు ముందు ఆగాల్సిన బండి సంగతి దానికి పట్టదు. ఆర్టీసీ లెక్క ఇంకో రకం. అక్కడ కిలోమీటరుకు ఎంత వచ్చింది, సీట్లు ఎంత నిండాయి అన్నదే కొలత. హైదరాబాదుకు పరిగెత్తే బస్సు ముందు, ఫర్లాంగుకోసారి ఆగే టౌన్ బస్సు ఆ కొలతలో ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. డిపో మేనేజరు స్థానంలో ఎవరున్నా ఉన్న బస్సును ఎటు పంపుతారో ఊహించుకోవచ్చు.

కేంద్రం దగ్గర డబ్బుంది. 2023 ఆగస్టులో ఆమోదించిన పీఎం ఈ-బస్ సేవ కింద 169 నగరాల నుంచి ఎంపిక చేసి పది వేల ఎలక్ట్రిక్ బస్సులు ఇస్తామన్నారు. తొమ్మిది మీటర్ల బస్సు తిరిగే ప్రతి కిలోమీటరుకు 22 రూపాయల చొప్పున పదేళ్లు సాయం చేస్తామన్నారు. అంతకాలం సాయం దొరకడం ఈ రంగంలో అరుదు. కానీ రాజధానులు, కొండ రాష్ట్రాల వంటి మినహాయింపులు పోను, అర్హతకు గీత 2011 జనగణనలో మూడు లక్షల జనాభా దగ్గర గీశారు. 3.11 లక్షలతో నిజామాబాద్ గీత దాటింది. 2.61 లక్షల దగ్గర కరీంనగర్ ఆగిపోయింది. అప్పటికి రెండు లక్షలు కూడా లేని ఖమ్మం మాట చెప్పక్కర్లేదు. పల్లెలు కలిసింది ఆ మరుసటి ఏడాది. 2021లో జరగాల్సిన లెక్కలు జరగలేదు, తర్వాతి జనగణన 2027లో. ఇన్నేళ్లలో పెరిగిన ఊరికి పాత కొలతలతోనే చొక్కా కుట్టిస్తున్నాం. కనీసం విలీనమైన గ్రామాల జనాభాను కలిపి లెక్కగట్టమని రాష్ట్రం గట్టిగా అడగాలి. ఆ గ్రామాల్లో 2011లో ఎందరున్నారో ప్రభుత్వ పుస్తకాల్లోనే ఉంది కదా.

కేంద్రం ఇవ్వకపోయినా ఇదేమీ కొండంత పని కాదు. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ప్రమాణాల ప్రకారం వెయ్యి మందికి 0.6 బస్సు ఉంటే మంచి సేవ కింద లెక్క, అంటే లక్షకు 60. అంత దూరం ఇప్పుడే వద్దు. నాయుడుపేట నుంచి కాల్వొడ్డు, పాత బస్టాండు, జడ్పీ సెంటర్, ఇల్లెందు క్రాస్ రోడ్డు మీదుగా కొత్త కలెక్టరేట్ దాకా ఒక లైను వేద్దాం. పన్నెండు కిలోమీటర్లనుకోండి. ఆగుతూ పోయే బస్సు గంటకు పదిహేను కిలోమీటర్లు పోయినా, రెండు కొసల్లో కాసేపు ఆగడంతో కలిపి పోయి రావడానికి రెండు గంటలు. పది నిమిషాలకొకటి ఉండాలంటే పన్నెండు బస్సులు చాలు. బల్లేపల్లి వైపును, రైలుకట్ట అవతల మూడో పట్టణ ప్రాంతాన్ని, మిర్చి యార్డును కలుపుతూ ఇంకో లైను వేస్తే మరో పన్నెండు. మరమ్మతుకు పోయేవాటి బదులు రెండు మూడు. ముప్పై లోపే!

ఈ లెక్కలో పట్టుబట్టాల్సింది ఆ పది నిమిషాల దగ్గర. మూడు బస్సులు కొని నలభై నిమిషాలకొకటి నడిపి, జనం ఎక్కడం లేదని ఆర్నెల్లకు ఎత్తేయడం కంటే అసలు మొదలుపెట్టకపోవడం మేలు. టైము చూసుకోకుండా రోడ్డు మీదికి వస్తే బస్సు దొరుకుతుందన్న ధీమా కుదిరిన రోజే ఇంట్లో రెండో బండి కొనే ఆలోచన ఆగుతుంది. ఖమ్మంలో ఇంటర్ కాలేజీలు వదిలే వేళ ఏ సందులోనైనా నిలబడి చూడండి. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు లైసెన్సు లేకుండా, హెల్మెట్ లేకుండా ముగ్గురేసి స్కూటీల మీద పోతుంటారు. తల్లిదండ్రులను తిట్టి లాభం లేదు. ట్యూషన్ నుంచి చీకటి పడ్డాక పిల్ల ఇంటికి ఎలా రావాలో వాళ్లకు ఇంకో దారి చూపించలేదు మనం.

ఆటోవాళ్ల సంగతి? ఉచిత బస్సు వచ్చినప్పుడే గిరాకీ పడిపోయి రోడ్డెక్కారు. వాళ్ల భయం న్యాయమైనది, దాన్ని పక్కనపెట్టి ప్లాను గీస్తే అది నిలవదు. ఏ రోడ్డులో ఏ వేళకు ఎంతమంది ఎక్కుతారో ఏ కన్సల్టెంటు కంటే వాళ్లకే బాగా తెలుసు. షేర్ ఆటోలు తమంతట తాము వేసుకున్న దారులే ఈ ఊరికి మొదటి రూటు సర్వే. పెద్ద రోడ్ల మీద బస్సు, అక్కడి నుంచి కాలనీల లోపలికి ఆటో అని పంచుకుని, ప్రతి పెద్ద స్టాపు పక్కనా ఆటో స్టాండుకు చోటిస్తే వాళ్లకూ బేరం ఉంటుంది. యూనియన్లను పిలిచి, రూట్లు ఖాయం కాకముందే వాళ్లతో కూర్చోవాలి.

డబ్బు ఎవరివ్వాలన్నది మిగిలింది. బస్సులు ఆర్టీసీ నడపాలి, లోటు కార్పొరేషన్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి పూడ్చాలి. హైదరాబాదులో సిటీ బస్సుల నష్టంలో కొంత అక్కడి కార్పొరేషన్ జీహెచ్ఎంసీ భరించిన సందర్భం ఉంది కాబట్టి ఇది కొత్త మాటేమీ కాదు. వీధి దీపం ఎంత సంపాదించిందని ఏ కౌన్సిల్ సమావేశంలోనూ అడగం. బస్సునూ ఆ పద్దులోనే చూడాలి. రేపు డివిజన్లలో ఓట్లడగడానికి వచ్చేవాళ్లు మళ్లీ సీసీ రోడ్డు, సైడు కాల్వ అంటారు. అవీ కావాలి. వాటితోపాటు మూడు సంగతులు కాగితం మీద రాసిమ్మని అడగండి: లోకల్ బస్సుకు బడ్జెట్లో ఎంత పెడతారు, మొదటి లైను ఏ నెలలో మొదలవుతుంది, రాత్రి ఆఖరి బస్సు ఎన్నింటికి.