సీసా మూత తీసి జాతకం చెప్పకండి

మా అక్క కూతురు మధిర నుంచి వచ్చి అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటోంది. పొద్దున పైథాన్‌ క్లాసు, మధ్యాహ్నం టెస్టింగ్‌ క్లాసు, సాయంత్రం ఇంటర్వ్యూలకు తయారుచేస్తామనే పర్సనాలిటీ డెవలప్‌మెంట్‌ క్లాసు. పోయిన వారం ఆ మూడో క్లాసు నుంచి నేరుగా మా ఇంటికొచ్చి కూలబడింది. ‘‘పిన్నీ, ఆ సార్‌ నన్ను అందరి ముందూ లేపి నిలబెట్టాడు. పూల సెంటు కొట్టుకొచ్చే అమ్మాయి మెతక మనిషని గదిలో అడుగుపెట్టగానే తెలిసిపోతుందట. టీమ్‌ లీడ్‌ కావాలంటే చెక్క వాసనొచ్చే సెంటు వాడాలట’’ అంది. చేతిసంచిలోంచి మల్లె సెంటు సీసా తీసి మా చెత్తబుట్టలో వేయబోయింది. నేను లాక్కున్నాను. ఆ సీసా ఇప్పుడు నా బల్ల మీద ఉంది. దాన్ని ఎదురుగా పెట్టుకునే ఇది రాస్తున్నాను.

ఆ సార్‌ ఒక్కడే అయితే తిట్టుకుని ఊరుకునేదాన్ని. మెట్రోలో అమీర్‌పేట తర్వాతి స్టేషనే పంజగుట్ట. అక్కడ మాల్‌లో సెంట్ల కౌంటర్‌ ముందు నిలబడండి. సన్నటి కాగితం ముక్క మీద చిమ్మి చేతికిచ్చే అమ్మాయి మొదట అడిగేది ధర గురించి కాదు. ‘‘మేడమ్‌, మీది రొమాంటిక్‌ టైపా, బోల్డ్‌ టైపా?’’ అంటుంది. పాపం, ఆ మాట ఆమెది కాదు, పైవాళ్లు నేర్పినది. వారపత్రికల్లో రాశిఫలాల పక్కనే గులాబీ ఇష్టమైతే ప్రేమమూర్తి, జాజి ఇష్టమైతే సిగ్గరి అని వేస్తారు. చదివిన ఆడపిల్లలు నిజమేనేమో అనుకుంటారు. నాకు మండేది అక్కడే.

బల్కంపేట ఎల్లమ్మ గుడి దారిలో పూలమ్మే ఒకావిడ దగ్గర ఏళ్ల తరబడి కొంటున్నాను. తెల్లవారకముందే గుడిమల్కాపూర్‌ మార్కెట్‌కు పోయి మూట తెచ్చుకుంటుంది. కాలి బొటనవేలికి దారం తగిలించి, రెండు మొగ్గలు అటు, రెండు ఇటు పెట్టి ముడి బిగిస్తుంటే ఆ వేళ్లను కళ్లు అందుకోలేవు. మోచేతి నుంచి నడివేలి కొసదాకా ఒక మూర. ఇంకో నాలుగు పూలు వెయ్యమ్మా అంటే, ‘‘నాకేమన్న ఉత్తగ ఇచ్చిన్రా?’’ అని కసురుతుంది. బుట్ట తీసెయ్‌ అని దబాయించిన పార్కింగ్‌ కుర్రాణ్ణి ఆవిడ నిలదీసిన తీరు చూశాను. వాడు మళ్లీ నోరెత్తలేదు. రోజంతా మల్లెల్లో మునిగి ఉండే చేతులవి. పూల వాసన మనిషిని మెతక చేసేదైతే, మెతక మనిషినే వెతుక్కుని వచ్చేదైతే, హైదరాబాద్‌లో అందరికంటే మెతక మనిషి ఆవిడే అయ్యుండాలి.

అసలు మల్లె గురించి ఆ సార్‌కు ఏం తెలుసు? సాయంత్రం నాలుగింటికి కొన్నప్పుడు గట్టి మొగ్గ. దాదాపు వాసనే ఉండదు. జడలో పెట్టుకున్నాక, ఏ ఎనిమిదింటికో విచ్చుకుని ఇల్లంతా పరుచుకుంటుంది. కొమ్మ నుంచి తెంపాక కూడా వాసన పుట్టిస్తూనే ఉంటుంది. జాజిదీ అదే గుణం. ఫ్రాన్స్‌లో గ్రాస్‌ అనే ఊళ్లో ఒకప్పుడు గాజు పలకల మీద కొవ్వు పూసి, దాని మీద జాజులు పరిచేవాళ్లు. వాడిపోయేలోపు పువ్వు విడిచే వాసనంతా ఆ కొవ్వు పీల్చుకునేది. తెంపినా, గుచ్చినా, నలిపినా పని ఆపని పువ్వుది మెతకదనమా? పైగా మల్లె, జాజి వాసనల్లో ఇండోల్‌ అనే పదార్థం ఉంటుంది. అదే పదార్థం మలంలోనూ ఉంటుంది. అది తీసేస్తే మల్లె వాసనలో జీవం పోయి సబ్బు వాసన మిగులుతుంది. ఆ సార్‌ అనుకునే అమాయకపు తీపి ఈ పువ్వులో ఎన్నడూ లేదు.

మరి ఆయన మెచ్చే మగటిమి సెంట్ల సంగతి? 1966లో డియోర్‌ సంస్థ మగవాళ్ల కోసం ‘ఓ సావాజ్‌’ తెచ్చింది. అడవి, మొరటు అనే అర్థమొచ్చే మాట దాని పేరులోనే ఉంది. దాన్ని కూర్చినవాడు ఎడ్మండ్‌ రుడ్నిట్‌స్కా. ఆ సెంటుకు ప్రాణం పోసింది హెడియోన్‌, అంటే జాజి వాసనను శోధిస్తూ పోయిన రసాయన శాస్త్రవేత్తలు తయారుచేసిన పదార్థం. ఇవాళ ఆడ, మగ తేడా లేకుండా లెక్కలేనన్ని సెంట్లలో దాన్ని కలుపుతున్నారు. లీడర్‌లా కనిపించాలని ఆయన కొనమన్న సీసాలోనూ అది ఉండొచ్చు. పూల వాసన మగవాడి చొక్కా మీదుంటే దర్జా, మా పిల్ల చున్నీ మీదుంటే చేతకానితనం!

అంత దూరం పోనక్కర్లేదు. ఇదే ఊళ్లో చార్మినార్‌ దగ్గర అత్తరు దుకాణాలున్నాయి. మల్లె అత్తరు, గులాబీ అత్తరు తరతరాలుగా మగవాళ్లూ కొంటున్నారు. దూదిలో రెండు చుక్కలు వేసి చెవి మడతలో పెట్టుకుంటారు. ఆ దూది చూసి ఎవరైనా వాళ్లను మెతకవాళ్లన్నారా?

మన కావ్యాలైనా చదివారా వీళ్లు? నంది తిమ్మన పారిజాతాపహరణంలో నారదుడు తెచ్చిన పువ్వును కృష్ణుడు రుక్మిణికి ఇచ్చాడు. సత్యభామ మండిపడింది. చివరికి చెట్టే ఆమె పెరట్లోకి వచ్చింది. ఒకే పువ్వు, ఇద్దరాడవాళ్లు, పొంతన లేని రెండు స్వభావాలు. ఆ పువ్వు వాసన చూసి ఎవరి స్వభావం చెబుతారు?

కొందరంటారు, మూసిన గదిలో ఘాటు వాసన తలనొప్పి తెస్తుందని. నిజమే. అది మోతాదు తప్పు. చెక్క వాసనైనా నాలుగుసార్లు చిమ్ముకుంటే తల పగులుతుంది.

ఈ పాపంలో సగం మన సినిమాలది. మల్లెపూలు చూపించారంటే పక్కన మంచం, పాలగ్లాసు ఉండాల్సిందే. గుడికి, పెళ్లికి, బడికి, పొలానికి కూడా ఆడవాళ్లు పెట్టుకెళ్లిన పువ్వును మొదటిరాత్రి పువ్వును చేసేశారు. ఆ సినిమాలు చూసి పెరిగినవాళ్లే ఇప్పుడు క్లాసుల్లో నిలబడి, ఆడపిల్ల దగ్గర మల్లె వాసన రాగానే తమ బుర్రలో తిరిగే బొమ్మను ఆమె వ్యక్తిత్వం అంటున్నారు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఎటు చూసినా కోర్సుల బ్యానర్లే. జావా నేర్పేవాడు జావా అయినా నేర్పుతాడు. వ్యక్తిత్వం నేర్పుతామనేవాళ్లు నేర్పేదల్లా నీలో ఏదో తక్కువైందన్న భయం. మొదట యాస తప్పన్నారు. తర్వాత నూనె పెట్టిన జడ తప్పన్నారు. ఇప్పుడు వాసన వంతు. ఫీజు కట్టేది ఎకరం కౌలు చేసుకునే తండ్రి.

ఆ పిల్ల సెంటు ఎందుకు వాడుతుందో నాకు తెలుసు. హాస్టల్ గదిలో నలుగురు. ఒకటే కిటికీ, అదీ పక్క భవనం గోడకు ఆనుకుని. తువ్వాళ్లు ఎప్పుడూ పూర్తిగా ఆరవు. పొద్దున తొమ్మిదింటికి మెట్రోలో ఆడవాళ్లకు వదిలిన చోట ఒకరి భుజం కింద ఒకరు నిలబడి వెళ్లాలి. ఆ తడి వాసన ఒంటిమీద మోసుకుపోవడం ఇష్టంలేక రెండుసార్లు చిమ్ముకుంటుంది. మల్లెదే ఎందుకంటే వాళ్ల ఇంటి ముందు మల్లెపందిరి ఉంది. వాళ్లమ్మ బస్సెక్కించేటప్పుడు కొనిచ్చింది. ఇందులో స్వభావం ఎక్కడుంది? గది ఉంది, కిటికీ ఉంది, అమ్మ ఉంది.

ఇంటర్వ్యూ చేసేవాళ్లకు నేను చెప్పేది పెద్దగా ఏం లేదు. ఆమె రాసిన కోడ్‌ చూడండి. తప్పు దొరికితే అడగండి, జవాబు వినండి. క్లాసులు నడిపేవాళ్లు ఆడపిల్లల జోలికి రాకుండా ఏం చెయ్యాలో, ఎవరు చెయ్యాలో కూర్చుని మాట్లాడుకోవాలి. హాస్టళ్లలో పిల్లలే ముందు మాట్లాడుకోవాలి.

సోమవారం మా పిల్లకు పంజగుట్టలోనే ఇంటర్వ్యూ ఉంది. వచ్చి సీసా తీసుకుపొమ్మని రెండుసార్లు ఫోన్‌ చేశాను. ‘‘చూద్దాంలే పిన్నీ’’ అంటోంది.