వేసవిలో చూచుకొనవలసిన పన్ను లెక్క

ఉగాది వెళ్ళినది. షావుకార్లు పాత పద్దు మూసి కొత్త పద్దు తెరచినారు. సర్కారు వారి సంవత్సరము కూడ ఏప్రిల్ 1తోనే మొదలు. అయినను మన కోలారు జిల్లాలో ఆదాయపు పన్ను మాట యెత్తిన యెడల, మగ్గము మీద బ్రతికేవానికి పన్నేమిటని నవ్వేవారే యెక్కువ. నిజమే. 2025-26 సంవత్సరమునకు కొత్త పద్ధతిలో 12 లక్షల రూపాయల ఆదాయము వరకు పన్ను కట్టనక్కరలేదు. నేతగాని ఇల్లు ఆ గీత దరిదాపులకు పోదు. పోదు గనుకనే మేమీ మాట వ్రాయుచున్నాము. పన్ను లేనివాని కూలిలో పన్ను కోత పడుచున్నది. తిరిగి అడుగువారు తక్కువ.

కోత ఎట్లు పడునో చెప్పెదము. పట్టు, జరీ షావుకారు ఇచ్చి, నేత మాత్రము మనము నేసిన యెడల ఆ మజూరీ చట్టము దృష్టిలో కాంట్రాక్టు పని. ముందటి యేడు కోటి రూపాయలకు మించి వ్యాపారము చేసిన షావుకారు, ఒక్కసారి 30,000 రూపాయలకు మించి ఇచ్చినను, యేడాది మొత్తము లక్ష దాటినను, నూటికి 1 రూపాయి పట్టుకొని సర్కారుకు కట్టవలెను. చిన్న షావుకారుకు ఈ విధి లేదు. పాన్ లేని నేతగాని దగ్గర నూటికి 20 పట్టుదురు. పాన్ ఉండియు ఆధార్‌తో జతపడకున్న, లేనట్లే. యేటికి 2,40,000 రూపాయల మజూరీ వచ్చు ఇంటికి మొదటి లెక్కన 2,400, రెండవ లెక్కన 48,000 కోత. మొదటిది పండుగ బట్టల ఖర్చు. రెండవదానికి అప్పు చేయవలసినదే. పాన్ లేకుండ పట్టిన సొమ్మును తిరిగి రాబట్టుట బహు కష్టము.

పాన్ మీద పట్టిన సొమ్ము మాత్రము పోయినట్లు కాదు. మార్చి వరకు జరిగిన కోతల లెక్కను షావుకారు మే 31 లోగా దాఖలు చేసి, జూన్ 15 లోగా కోత పత్రము ఇవ్వవలెను. వేసవి అని మేమనుట అందుకే. ఆ పత్రము అడిగి పుచ్చుకొని, సొమ్ము మన పాన్ పేర జమ అయినదో లేదో చూచుకొని, రిటర్ను దాఖలు చేసిన యెడల బ్యాంకు ఖాతాకు తిరిగి వచ్చును. అడుగుటకు మొగమాటమెందుకు? అది షావుకారు సొమ్ము కాదు. 2025లో రిటర్నుల గడువును జూలై 31 నుండి సెప్టెంబరు 16 వరకు పొడిగించిరి. పొడిగింపును నమ్ముకొని కూర్చుండుట మాకు నచ్చదు.

మా అసలు బాధ వేరొకటి. ఇంట రెండు మగ్గములు, ఒకటి భర్తది, ఒకటి భార్యది. మజూరీ రెండింటిదీ భర్త పేరనే వ్రాయుదురు. రెండును కలిసి లక్ష దాటును, కోత పడును. భార్య నేసిన చీరల మజూరీ ఆమె పాన్ పేర, ఆమె ఖాతాలో వేసిన యెడల ఎవరి లక్ష వారిదే. ఇది దొంగ లెక్క కాదు. నేసినవారికే నేత కూలి. యిన్నాళ్ళు వ్రాసినదే సరికాని లెక్క. అయితే నేయలేని ముసలితల్లి పేర, బడికి పోవు పిల్ల పేర మజూరీ వ్రాయించుటను మేము సమర్థింపము.

మల్బరీ తోట ఉన్నవారికి ఒక మాట. ఆకు పెంచుట వ్యవసాయమే గాని, పట్టుగూళ్ళ అమ్మకపు రాబడి వ్యవసాయాదాయము కాదని సుప్రీంకోర్టు లోగడనే తేల్చినది. గూళ్ళ మార్కెట్టు చీటీలు పారవేయరాదు.

ఈ సంగతులలో బంగారు గనుల ప్రాంతమువారు మనకంటె ముందున్నారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన పిమ్మట అక్కడి పిల్లలెందరో మారికుప్పం నుండి బండి యెక్కి బెంగుళూరు ఉద్యోగములకు పోవుచున్నారు. జీతములో కోత, దాని పత్రము వారికి తెలిసినవే. అట్టి పిల్లవాడో పిల్లయో మీ ఇంట ఉన్న యెడల, సాయంత్రపు బండి దిగి వచ్చిన తరువాత ఒక్క గంట కూర్చుండబెట్టి, అమ్మ పాన్ మీద ఏమి జమ అయినదో ఫోనులో చూపించుమనుడు. పాన్, ఆధార్ జతపడనివారు జూన్ పత్రము కొరకు ఆగక ఈ వారమే ఆ పని చూచుకొనవలెను. ఆలస్యమునకు 1,000 రూపాయల రుసుమున్నది. 48,000 ముందు అదెంత?