కడుపు మాడ్చుకోవడం పొదుపు కాదు

జర్మనీలో చదువుకోవడానికి వెళ్లే మన పిల్లలకు సీనియర్ల నుంచి మొదట అందే సలహా, తిండి దగ్గర తగ్గించుకోమని. రెండు పూటలా ఆవకాయన్నం, రాత్రి ఆకలేస్తే నూడిల్స్. పప్పూ కూరా వండుకు తినడం అక్కడ తలకు మించిన ఖర్చని తల్లిదండ్రులు కూడా నమ్మేశారు. ఇది శుద్ధ తప్పు. పైగా ఎదిగే వయసు పిల్లల ఒంటికి చేటు.

భయం ఎందుకో నాకు తెలుసు. వీసా కోసం విద్యార్థి ఏడాది ఖర్చుకని ఖాతాలో 11,904 యూరోలు చూపించాలి. అందులోంచి నెలకు చేతికొచ్చేది 992. అద్దెకూ ఆరోగ్య బీమాకూ పోగా మిగిలేది కొంచెమే. ఇక్కడ ఇంటి మీద అప్పు, దాని మీద వడ్డీ. అయినా కోత పెట్టాల్సింది పళ్లెంలో కాదు.

అక్కడి సూపర్‌మార్కెట్లలో ధర చీటీ మీద, అసలు ధర కింద, చిన్న అక్షరాల్లో కిలో ధర కూడా వేస్తారు. అలా వేయాలని చట్టమే ఉంది. ఆ అంకె చూస్తే చవకనుకున్న నూడిల్స్ చాలాసార్లు ఎర్ర కందిపప్పు కంటే ప్రియమని తేలుతుంది. ఈ పప్పు టర్కీ వాళ్ల కొట్లలో పెద్ద ప్యాకెట్లలో దొరుకుతుంది. కుక్కర్ కూడా అక్కర్లేదు, మామూలు గిన్నెలో ఇరవై నిమిషాలకు మెత్తబడుతుంది. ఆల్డీ సూపర్‌మార్కెట్‌లోనో లిడ్ల్‌లోనో తెచ్చిన ఫ్రోజెన్ పాలకూర గుప్పెడు, డబ్బా టమాటా కాస్త వేసి, వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు పెడితే ఇద్దరికి రెండు పూటలు సరిపోతుంది. పెరుగు డబ్బా ఒక్కటి కొంటే తోడుకు అదే చాలు. కాచిన పాలలో, గోరువెచ్చగా ఉండగా, చెంచాడు వేసి చలికాలంలో హీటరు పక్కన పెడితే తెల్లారేసరికి గడ్డ పెరుగు. గుడ్లు, క్యాబేజీ ఎలాగూ ఉన్నాయి. మధ్యాహ్నం యూనివర్సిటీ క్యాంటీన్ మెన్సాలో విద్యార్థులకు రాయితీ ధరకే భోజనం పెడతారు.

డబ్బు కారిపోయేది వేరేచోట. ఆదివారం అక్కడ సూపర్‌మార్కెట్లు దాదాపు అన్నీ మూసేస్తారు. శనివారమే సరుకులు తెచ్చుకోనివాళ్లు మర్నాడు ఆకలికి ఆగలేక పిజ్జాకో డోనర్ కబాబ్‌కో వారం కూరల డబ్బు ధారపోస్తారు. ఇండియన్ స్టోర్‌లో ఫ్రోజెన్ పరోటాలు, మునక్కాడలు కొని, మన తిండి ఖరీదని అంటారు. ఖరీదు ఆ కొనుగోలుది.

నీరసంతో పరీక్ష తప్పి చదువు ఒక సెమిస్టర్ సాగితే ఇంకో ఆర్నెల్ల అద్దె, బీమా నెత్తిన పడతాయి. తిండిలో మిగిల్చింది అందులో ఏ మూలకూ రాదు.

సీనియర్లకు నా మనవి ఒకటే. కొత్తగా దిగిన పిల్లలకు పస్తుల సలహా ఇవ్వకండి. మొదటి శనివారం వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి పప్పు ఎక్కడ దొరుకుతుందో చూపించండి.