ఒక్క కిల్టు కొరకు ఒక పడుగు

తన వంశమునకు చెందిన టార్టను అను రంగుల గళ్ల గుడ్డను ప్రత్యేకముగా నేయించి, కిల్టు అను కుచ్చెళ్ల వస్త్రమును కుట్టించుకొనవలెనని కోరు స్కాట్లండు గృహస్థునకు మిల్లువారు చెప్పు వెల ఏటేట భారమగుచున్నది. ఈ పెరుగుదలకు వర్తకుల లోభమే కారణమని తలంచుట అన్యాయము. దాని మూలము మగ్గమునొద్దనే యున్నది.

టార్టనులో రంగుల క్రమము పడుగునందును పేకయందును సాధారణముగా ఒక్కటియే. వేయికి మించిన పోగులను, ఒక్కటియు స్థానము తప్పకుండ, వరుసగా చుట్టి, అల్లులోను అచ్చులోను దూర్చి, మగ్గమునకెక్కించిన పిదపగాని నేత ఆరంభము కాదు. నాలుగు గజములు నేసినను నలువది గజములు నేసినను ఈ శ్రమ తరుగదు. గుడ్డ నిడివి హెచ్చినకొలది వ్యయము పంచబడి పలుచనగును గాని, ఒక్క కిల్టు కొరకే పడుగు వేసిననాడు సర్వభారమును ఆ యొక్కని నెత్తిన పడును.

ఆపైన అంచు సంగతి యున్నది. కిల్టు అడుగున మడచి కుట్టరు. మోకాలియొద్ద కనబడునది మగ్గముమీద వచ్చిన అంచే. 8 గజముల కిల్టునకు పెద్ద పన్నా గుడ్డ 4 గజములు తీసి, నిడివిగా రెండు చేసి, అతుకును కుచ్చెళ్ల లోమడతలో మరుగుపరతురు. అంచును మాత్రము మరుగుపరచుటకు వీలులేదు. నాడె అటునిటు తిరుగు పాత మగ్గములు చక్కని అంచునిచ్చును. వడిగా నేయు రేపియర్ మగ్గములు పేకపోగును ప్రతి వరుసకును త్రెంచుచుండుటచే, కొసలను లోనికి మడచినచోట అంచు దళసరి యగును. కావున నాణ్యము నెరిగినవారు సెల్కర్కు వంటి నేతపట్టణములందలి పాత మగ్గములనే ఆశ్రయింతురు. అయితే అవి మెల్లగా నేయును, వాని మర్మమెరిగిన పనివారు నానాటికి అరుదగుచున్నారు.

ఉన్ని ధరయు ఉపేక్షింపదగినది కాదు. స్కాట్లండు కొండగొఱ్ఱెల ఉన్ని చాలవరకు ముతక, ఎక్కువగా తివాచీలకు తగును. కిల్టునకు కావలసిన సన్నని నూలునకు ఎక్కువగా దూరదేశపు ఉన్నియే ఆధారము. అద్దకమునకును, నేసిన గుడ్డను కడిగి ఆవిరిపట్టుటకును వేడినీరు కావలెను గనుక, 2022లో యుక్రెయిను యుద్ధముతో మండిన గ్యాసు ధర మిల్లుల లెక్కలను తలక్రిందులు చేసినది.

వెనుక ఈ పరిశ్రమకు పెద్ద బేరములు అండగా నుండెడివి. స్కాట్లండు పర్వతప్రాంత వేషమును నిషేధించిన 1746 నాటి శాసనము 1782లో రద్దయిన పిమ్మట, 1822లో నాలుగవ జార్జి రాజు ఎడింబరో సందర్శనమునకు నవలాకారుడు వాల్టరు స్కాటు చేసిన ఏర్పాట్లతో టార్టనుకు గొప్ప గిరాకి కలిగినది. బానక్‌బర్నులోని విల్సను సంస్థ సైన్యమునకును ప్రజలకును విస్తారముగా నేసినది. గార్డన్, కామెరన్ మున్నగు సైనికదళములకు వేర్వేరు టార్టనులుండెను. కాని ఆ బేరములు సన్నగిలినవి. 2006లో మిగిలిన స్కాటిష్ లైను పదాతిదళములు ఒక్క రెజిమెంటుగా కూర్పబడి, ఒక్క టార్టనునే ధరింపసాగినవి. పెండ్లిండ్లకు అద్దె కిల్టులు వాడుకయైనవి. సియాల్‌కోటునుండి వచ్చు చవుక సరుకు బజారులను నింపినది. వీనిని కొనువారిని తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు. కాని అరుదైన గళ్లు గల చిన్న వంశములకు అట్టి బజారులలో చోటు దొరకుట కష్టము.

2008 నాటి శాసనము ననుసరించి స్కాట్లండు ప్రభుత్వము టార్టనుల పట్టికను నిర్వహించుచున్నది. ఆ శాసనము ప్రకారము టార్టను నేయుటకు వీలైన రంగుగళ్ల రూపకల్పనయైన చాలును. నేసి చూపవలసిన నిర్బంధము లేదు. ఇందుచేత నమోదులు సులభముగా పెరుగుచుండగా, గుడ్డయై వెలువడు గళ్లు కొన్నియే. నేతయందు అభిమానమున్న ప్రభుత్వము అరుదైన గళ్ల తొలి పడుగు వ్యయములో కొంత భరించుట యుక్తము. కెనడా, అమెరికాలందలి వంశసంఘములును తమవారి కోర్కెలను ఏడాదికొక్కసారి కూడగట్టి, ఒక్క పడుగుమీద పది కిల్టుల గుడ్డ నేయించినచో, నేతవాని కూలి కోయకయే కొనువాని భారము తగ్గింపవచ్చును.